కర్నలు సి. కె. నాయుడుగారు: ఆట చూడవచ్చిన జనము

2023 వ సంవత్సరము అక్టోబరు 5 వ తేదీని అహమ్మదాబాదు నగరమునందలి పెద్ద క్రీడారంగములో ప్రపంచ క్రికెట్టు పోటీలు ప్రారంభమయ్యెను. ఆ దినమున ఆడినవారు ఇంగ్లండు, న్యూజిలాండు జట్లవారు. అంతకుముందు 2019 లో జరిగిన ప్రపంచ పోటీల కడపటి ఆటలో తలపడినవారును వీరే. ఇంతటి జట్లు ఆడుచుండగా, లక్షకు మించి జనము పట్టునట్టి ఆ రంగమున నాటి మధ్యాహ్నము బారులు బారులుగా పీఠములు ఖాళీగా నుండెను. సరిగా 9 దినములకు, అక్టోబరు 14 వ తేదీని, అదే రంగమున, అదే పోటీలలో భారతదేశము పాకిస్తానుతో నాడినపుడు లక్షకు పైగా జనము క్రిక్కిరిసి కూర్చుండిరి. ఇట్లేల జరిగెనని మా తరగతిలో నొక బాలుడు నన్ను ప్రశ్నించెను. అప్పటికి తోచిన సమాధానమేదో చెప్పితిని గాని అది నాకే తృప్తినీయలేదు.

అంత దూరము పోనేల? మన బందరులో చెడుగుడు పందెములు జరిగినపుడు దూరపు జిల్లాల నుండి మిక్కిలి నేర్పరులైన జట్లు వచ్చి ఆడుచుండగా, చూచువారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది యుందురు. గుడివాడ జట్టు వచ్చినదన్న సాయంకాలము మాత్రము అంగళ్లవారు సైతము తలుపులు మూసి వత్తురు. అవనిగడ్డవారు ఆడిరేని దివిసీమ నుండి బస్సులనిండ జనము దిగుదురు. ఆటలోని నేర్పు వేరు, ఆట చూడ జనమును రప్పించునది వేరు అని దీనివలన తెలియుచున్నది. ఆ రెండవది యేమో తెలిసికొనుటకు నేను వెదకి చూడగా, మన యూరితో సంబంధముగల యొక మహాపురుషుని జీవితమే ఆ ప్రశ్నకు తగిన పాఠముగా కనబడినది. ఆయన కర్నలు కొఠారి కనకయ్య నాయుడుగారు. లోకమునకు సి. కె. నాయుడు.

నాయుడుగారి పూర్వులు బందరువారు. ఉద్యోగ వ్యాపారములను బట్టి తెలుగువారు నలుదెసలకు పోవుచుండిన ఆ కాలమున వారి కుటుంబము నాగపురము చేరి యచట స్థిరపడెను. 1895 వ సంవత్సరము అక్టోబరు 31 వ తేదీని కనకయ్యగారు నాగపురముననే జన్మించిరి. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడుగారు ఇంగ్లండులో చదివి వచ్చిన న్యాయవాది. క్రికెట్టునందు మిక్కిలి ప్రీతిగలవారు. కుమారుడు నాగపురములోని హిస్లాపు మిషను విద్యాలయమున చదివెను. చిన్ననాడే పాఠశాల జట్టులో చేరెను. ఆరడుగులకు మించిన యెత్తు, నిటారైన నడక, దృఢమైన భుజములు, తీక్ష్ణమైన చూపు గలవాడాయెను. బంతిని నేలమీద దొరలించుటకంటె ఆకాశమునకు పంపుటయే ఆయన కిష్టము. అది తప్పని ఆ కాలపు పెద్దలు బోధించుచుండిరి. ఆ బోధ ఆయన చెవికెక్కలేదు, దేశమునకు మేలయ్యెను.

ఆ దినములలో మనదేశమున క్రికెట్టు పోటీలకు బొంబాయి కేంద్రము. అచట 1892 నుండి ఐరోపావారును పార్సీలును ఏటేట పోరాడుచుండిరి. 1907 లో హిందువులు చేరిరి, 1912 లో మహమ్మదీయులు చేరిరి. నాలుగు మతములవారు, నాలుగు జట్లు. దానికి చతుర్భుజ పోటీయని పేరు. 1916 లో ఇరువదియొక్క యేండ్లయినను సరిగా నిండని నాయుడుగారు హిందువుల పక్షమున ఐరోపావారిపై ఆడుటకు దిగిరి. అప్పటికి 79 పరుగులకు 7 వికెట్లు పోయినవి. క్రొత్తవాడు గనుక వికెట్టు కాపాడుకొనుటయే పదివేలనుకొందురు. ఆయన మూడు బంతులను నిమ్మళముగా నాపి, నాలుగవదానిని హద్దు దాటించి ఆరు పరుగులు గొట్టిరి. పెద్ద పోటీలలో ఆయన తొలి పరుగులు అవియే.

ఈ చతుర్భుజ పోటీలకు జనము వచ్చినట్లు ఆనాడు మఱి యే ఆటకును రాలేదు. దానికి కారణములు కొన్ని బయటికి కనబడునవి. పోటీ యంతయు ఒక్క నగరములో, కొలది దినములలో ముగియును. ప్రతి సంవత్సరము అదే ఋతువున వచ్చును గనుక జనులు తిరునాళ్లకువలె ముందుగానే ఎదురు చూతురు. ట్రాములెక్కి, స్థానిక రైళ్లెక్కి అణాలతో వచ్చి చూడవచ్చును. అసలు కారణము మాత్రము వేరు. ఆడువాడు నావాడు, ఎదిరి నాకు తెలిసినవాడు అను భావమే అది. క్రికెట్టు తెలియనివాడు సైతము తన మతము పేరిట జరుగు పోరును చూడవచ్చును. పక్క దుకాణములో కూర్చుండి దినదినము బేరమాడు పొరుగువానిని మైదానములో ఓడించు వేడుక వానికి దొరకును. మన గుడివాడ బందరుల చెడుగుడు సంగతియు ఇదే.

ఇందులో మేలెంత యున్నదో కీడును అంత యున్నది. హిందూ జట్టులోనే అంటరానివారని ఎంచబడిన కులమున బుట్టిన పల్వంకర్ బాలుగారు గొప్ప బౌలరై యుండియు నాయకత్వమునకు నోచుకొనలేదు. ఆయన తమ్ముడు విఠలుగారికి 1923 లో ఆ గౌరవము దక్కెను. ఆ యేడు హిందువులే గెలిచిరి. గేటు వద్ద టిక్కెట్టు కొన్నవారి సంఖ్యనుబట్టి మాత్రమే ఒక పోటీ విలువ కట్టువారికి ఈ సంగతులు కనబడవు.

నాయుడుగారి కీర్తి బొంబాయి దాటి పోసాగెను. మదరాసులో సంక్రాంతి దినములలో ఐరోపావారికిని భారతీయులకును పోటీ జరుగుచుండెడిది. 1920-21 లో ఆయన చేపాకములో నాడి, బంతిని మైదానము వెలుపలనున్న కొబ్బరిచెట్టు వద్దకు పంపిరని తరతరములుగ చెప్పుకొనిరి. 1923 లో ఇందూరు ప్రభువగు తుకోజీరావు హోల్కరు ఆయనను తన సంస్థానమునకు రప్పించి సేనలో ఉద్యోగమిచ్చెను. కర్నలు అను బిరుదు అచటిదే. అది మొదలు ఇందూరే ఆయన స్వస్థలమయ్యెను.

1926 లో ఆర్థర్ గిల్లిగను నాయకత్వమున ఇంగ్లండు నుండి ఎం. సి. సి. జట్టు మనదేశమునకు వచ్చినది. బొంబాయి జింఖానా మైదానమున హిందువులతో ఆడుచు ఆ జట్టువారు 363 పరుగులు చేసిరి. వారిలో గై ఎర్లు అను నతడు 8 సారులు బంతిని హద్దు దాటించి 130 పరుగులు చేసి ప్రేక్షకులను దిగ్భ్రాంతులను జేసెను. మరునాడు నాయుడుగారు బ్యాటు పట్టిరి. రెండు గంటలైనను గడువక మునుపే 153 పరుగులు. అందు 13 నాలుగులు, 11 ఆరులు. ఒకే ఇన్నింగ్సులో అన్ని ఆరులు అదివరకు ప్రపంచమున నెవరును కొట్టియుండలేదు.

ఆ రెండు గంటలలో జరిగినదే మన ప్రశ్నకు ముఖ్యము. ఆయన ఆడుట మొదలిడినపుడు మైదానమున నున్న జనము వేరు, ముగించినపుడు ఉన్న జనము వేరు. వార్త నోటినుండి నోటికి పోయెను. గుమాస్తాలు కచేరీలు విడిచి పరుగెత్తిరి. చోటు చాలక చెట్లెక్కిరి, చుట్టుప్రక్కల మేడల కప్పులెక్కిరి. పేరునకు ఆడినది హిందూ జట్టే. ఆరవ ఆరు, ఏడవ ఆరు పడుసరికి చెట్టుకొమ్మపై నున్నవాడు ఏ మతస్థుడో ఎవరికి కావలెను? తెల్లదొర కొట్టిన ఎనిమిదింటికి మనవాడు పదునొకండు కొట్టెను అన్న లెక్కయే అందరి నోటను వినబడెను. మతము పేరిట కూడిన సభ మధ్యాహ్నమునకు దేశము పేరిట సభగా మారినదని నేననుకొందును. ఎం. సి. సి. వారు ఆ యాటకు మెచ్చి నాయుడుగారికి వెండి బ్యాటును బహూకరించిరి. రెండేండ్లకు, 1928 డిసెంబరులో, భారత క్రికెట్టు బోర్డు ఏర్పడెను.

1932 లో భారతదేశపు జట్టు టెస్టు ఆటకు తొలిసారిగా ఇంగ్లండు వెళ్లినది. నాయకుడుగా ఎన్నుకోబడినవాడు పోరుబందరు మహారాజు, ఉపనాయకుడు లింబ్డీ రాజవంశీయుడు. ఆనాటి మర్యాద అట్టిది. సంస్థానాధిపతి యుండగా సామాన్యుడు ముందు నడువరాదు. మహారాజునకు ఆట అంతంతమాత్రమే, ఆ సంగతి ఆయనకే తెలియును. టెస్టు ఆటనాడు తాను ప్రక్కకు తొలగి, నాయకత్వమును నాయుడుగారికప్పగించెను. నాయుడుగారి క్రింద ఆడుటకు ఇష్టపడని ఆటగాండ్రు కొందరు గొణిగినను ఆయన వెనుదీయలేదు. రాజైనవాడు తన కొలతను తానెరిగి తగినవానికి చోటిచ్చుట నాకు ఆరు పరుగుల దెబ్బకంటె గొప్పదిగా తోచును.

జూను 25 వ తేదీని లండనులోని లార్డ్సు మైదానమున ఆట ఆరంభమయ్యెను. 19 పరుగులకే ఇంగ్లండు 3 వికెట్లు పోగొట్టుకొని విలవిలలాడెను. తుదకు 158 పరుగులతో మనమే ఓడితిమి. బంతి నాపబోయి చేతికి దెబ్బ తగిలియు నాయుడుగారు మొదటి ఇన్నింగ్సులో 40 పరుగులు చేసిరి. మనవారిలో అదే హెచ్చు. ఆ వేసవిలో ఆయన మొదటితరగతి ఆటలన్నిటను గలిపి 1,618 పరుగులు చేయగా, 1933 వ సంవత్సరపు విజ్డెన్ గ్రంథము ఆయనను ఆ యేటి ఐదుగురు ఉత్తమ క్రీడాకారులలో నొకనిగా నెంచెను. బర్మింగ్‌హాములో ఆయన కొట్టిన బంతి యొకటి ఏరు దాటి ప్రక్క కౌంటీలో పడినదని చెప్పుకొందురు. మన పులిగడ్డ వద్ద కొట్టిన బంతి కృష్ణపాయ దాటి దివిసీమలో పడినట్లని పిల్లలకు నేను చెప్పుదును. పాయ వెడల్పును తలచుకొని వారు నవ్వుదురు. ఆ యింగ్లీషు ఏరు మన పంటకాలువ యంతటిదే.

1933 డిసెంబరున మనదేశమున మొదటి టెస్టు ఆట బొంబాయిలో జరిగినది. ఇంగ్లండు నాయకుడు డగ్లస్ జార్డిను. మూడవ దినము ఆదివారము. లాలా అమరనాథు అను యువకుడు 118 పరుగులు చేసి, టెస్టులలో నూరు దాటిన తొలి భారతీయుడయ్యెను. అవతలి కొసను నిలిచి, తొందరపడకుమని సైగలు చేయుచు, 67 పరుగులతో నాయుడుగారు వానికి తోడైరి. ఇరువురును కలిసి 186 పరుగులు చేర్చిరి. స్త్రీలు తమ యాభరణములను తీసి యువకునికి బహుమతిగా విసరిరట. తుదకు 9 వికెట్లతో ఓడిన ఆట అది. ఓడిన ఆటకు నగలు విసరు జనమును ఎవరైన చూచినారా? జయము కొరకే జనము వత్తురని చెప్పువారు ఈ దినమును మరువరాదు.

1936 లో మరల ఇంగ్లండు ప్రయాణము. ఈసారి నాయకుడు విజయనగరపు మహరాజకుమారుడు, విజ్జీ యను పేరుగలవాడు. తెలుగు సంస్థానము పేరు మోసిన ఆయనయు, బందరు పూర్వులుగల నాయుడుగారును ఒకే జట్టులో నుండియు పొత్తు కుదరకపోవుట మన దురదృష్టము. కలహములు ముదిరి అమరనాథును నడుమనే ఇంటికి పంపివేసిరి. ఓవలు మైదానమున జరిగిన కడపటి టెస్టులో గబ్బీ ఆలెను వేసిన బంతి గట్టిగా తగిలియు నాయుడుగారు క్రీజు వదలక 81 పరుగులు చేసిరి. ఆయనకు టెస్టు ఆటలు అంతటితో సరి. మొత్తము 7 టెస్టులు, 350 పరుగులు. ఈ యంకెలను చూచి ఈనాటి బాలురు ఇంతేనా యందురు. ఆయన తొలి టెస్టు ఆడునాటికి వయస్సు 36 అని వారికి జ్ఞాపకము చేయవలసియుండును.

ఇంతలో దేశమున రెండు పోటీలు ప్రక్కప్రక్కనే నడువసాగెను. ఒకటి బొంబాయి చతుర్భుజ పోటీ. 1937 నుండి అందు ఐదవ జట్టు చేరి పంచభుజ పోటీ యయ్యెను. ఆ ఐదవ జట్టునకు మిగిలినవారు అని పేరు. భారతీయ క్రైస్తవులు, ఆంగ్లో ఇండియనులు, యూదులు మొదలగువారికి అదే చోటు. రెండవది 1934 లో ఆరంభమైన రంజీ ట్రోఫీ. అందు మతములేదు, రాష్ట్రములు, సంస్థానములు మాత్రమే. న్యాయముగా చూచిన రెండవదియే మేలైనది. జనము మాత్రము మొదటిదానికే పోయిరి. 1937 లో క్రొత్తగా కట్టిన బ్రాబోర్ను క్రీడారంగమున సీట్ల పంపకము తమకు తక్కువయ్యెనని హిందువులు ఆ యేడు పోటీ నుండియే విరమించుకొనిరన్న, ఆ సీట్లకు గిరాకి యెట్టిదో ఊహింపవచ్చును.

1943-44 పోటీలో మిగిలినవారి పక్షమున విజయ్ హజారే యను క్రైస్తవ యువకుడు, జట్టు చేసిన 387 పరుగులలో తానొక్కడే 309 చేసెను. తమ్ముడు వివేకు అతనికి తోడుగా నిలిచి 21 పరుగులు చేసెను. జట్టు ఓడినది. మిగిలినవారన్న పేరు ఆ సాయంకాలము ఎంత చిన్నదిగ కనబడియుండును! మతమును బట్టి జట్లు కట్టుట తగదని గాంధీమహాత్ముడు 1940 లోనే తన యసమ్మతిని తెలిపియుండెను. 1946 తరువాత ఆ పోటీ మరల జరుగలేదు.

నాయుడుగారు ఈ రెండు పోటీలను ఎరిగినవారు, రెంటను ఆడినవారు. ఆయన యెటు మొగ్గెనో మాటలలో గాక పనిలో చూడవలెను. ఇందూరులో ముష్తాకు అలీ యను బాలుని చూచి, వానిలోని వాసి గుర్తించి, దగ్గర చేర్చుకొని ఆట నేర్పిరి. బొంబాయిలో ఆ శిష్యుడు మహమ్మదీయుల పక్షమున గురువునకు ఎదురు నిలుచును. ఇందూరులో ఇరువురిది ఒకే హోల్కరు జట్టు. 1936 లో మాంచెస్టరున 112 పరుగులు చేసి, విదేశమున టెస్టు శతకము చేసిన మొదటి భారతీయుడయిన ముష్తాకు ఈ బాలుడే.

హోల్కరు జట్టు రంజీ పోటీలకు జనమును తెచ్చినది. 1945 మార్చిలో బొంబాయిలో జరిగిన కడపటి ఆట 6 దినములు సాగి, రెండు పక్షములు గలిసి 2,078 పరుగులు చేసెను. ముష్తాకు రెండు ఇన్నింగ్సులలోను నూరు దాటెను. యుద్ధకాలమున సైనికుడుగా మనదేశమున నుండిన డెనిసు కాంప్టను హోల్కరు పక్షమున నాడి 249 పరుగులతో అజేయుడుగా నిలిచెను. నాయుడుగారి తమ్ముడు సి. ఎస్. నాయుడు ఆ యొక్క ఆటలో 917 బంతులు వేసెను. అయినను హోల్కరు ఓడెను. మరుసటి యేడు ఇందూరులో బరోడాపై జరిగిన కడపటి ఆటలో, 50 యేండ్ల వయసున, నాయకుడు తానే 200 పరుగులు చేసి ట్రోఫీని గెలిచెను. 1953 లోపల హోల్కరు జట్టు 4 సారులు ట్రోఫీని గెలుచుకొనెను.

ఆయన సౌమ్యుడని చెప్పజాలను. కఠినుడు. ఆలస్యముగా వచ్చినవానిని క్షమింపడు. దెబ్బ తగిలినదని మూల్గువానిని సహింపడు. కుఱ్ఱవారు ఆయన యెదుట నిలువ వెరచెడివారు. ఆ కాఠిన్యము తనకును వర్తించును. 1951-52 కడపటి ఆటలో దత్తూ ఫడ్కరు వేసిన బంతి నోటికి తగిలి పండ్లు ఊడిపడెను. వయస్సు 56. బ్యాటుతో పండ్లను ప్రక్కకు నెట్టి, వైద్యుని వలదని, బంతి వేగము తగ్గింపవలదని సైగచేసి, 66 పరుగులు చేసిరి. మైదానమున నేమి జరుగునో ఎదురుచూచుచు జనము కన్నార్పక యుండుటకు ఇట్టివాడొక్కడు చాలును. అహమ్మదాబాదులో నాడు లక్షమంది వచ్చినది పాతపగ చూచుటకే యనుకొందుము. బొంబాయిలో చెట్లెక్కినవారు మాత్రము ఒక మనుష్యుని చూచుటకు ఎక్కిరి. ఆ మొదటి యుత్తరమునకు ఈ మాట చేర్చి మా తరగతి బాలునికి మరల చెప్పితిని. అట్టివాడు దొరకని ఆటలకు జనము నెట్లు రప్పింపవలెనని వాడు వెంటనే అడిగెను.

1953 అక్టోబరు 1 వ తేదీని ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. ఆ 1953-54 లోనే ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో తొలిసారి ప్రవేశించినది. దానికి నాయకత్వము వహించుటకు నాయుడుగారు వచ్చిరి. పూర్వులు విడిచిపోయిన దేశమునకు, 58 యేండ్ల వయసున, బ్యాటు చేతబట్టి వచ్చిరి. 1956 లో ప్రభుత్వమువారు పద్మభూషణ బిరుదునిచ్చిరి. 1956-57 లో ఉత్తరప్రదేశము పక్షమున రంజీ ఆడుచు, అరువది దాటిన యీడున వినూ మన్కడు బంతులను రెండుసారులు హద్దు దాటించి 84 పరుగులు చేసిరి. 1963-64 లో నొక ధర్మకార్యార్థమైన ఆటలో కడపటిసారి కనబడిరి. మొత్తము 207 మొదటితరగతి ఆటలు, 11,825 పరుగులు, 411 వికెట్లు. 1967 నవంబరు 14 వ తేదీని ఇందూరులో కాలధర్మము నొందిరి.

ఆయన పేరిట 1973-74 నుండి యువకులకు కర్నలు సి. కె. నాయుడు ట్రోఫీ పోటీలు నడుచుచున్నవి. నాలుగు దినముల ఆటలు. ఆంధ్ర జట్టును అందు ఆడుచుండును. నేనొక పర్యాయము విద్యార్థులను గొందరిని వెంటబెట్టుకొని అట్టి ఆట యొకటి చూడబోతిని. మేము గాక, ఆటగాండ్ర తలిదండ్రులు పదిమంది, స్కోరు వ్రాయువాడు, నీడన నిద్రించుచున్న కాపలాదారు ఉండిరి. మూడవ దినము మధ్యాహ్నము బక్కపలుచని కుఱ్ఱవాడొకడు ముందుకు సాగి బంతిని గోడ అవతలకు కొట్టెను. మావాడొకడు లేచి నిలుచుండెను. గోడ అవతల వీధిన పోవుచున్న రిక్షావాడొకడు బంతిని లోనికి విసరి, గోడమీద మోచేతులానించి, తరువాతి బంతి కొరకు చూచుచు నిలిచెను.